ప్లగ్గు చూశారా?

విజయవాడలో బండి స్టార్టు కాకపోతే ఏం చేయాలో తెలియనివాడు ఒక్కడే ఉంటాడు. ఆ బండి ఓనరు.

పోయిన మంగళవారం ఏలూరు రోడ్డు మీద, ఒక టీ కొట్టు ముందు నా బండి ఆగిపోయింది. వంద సీసీ ఫోర్ స్ట్రోకు, మా నాన్నగారు కొన్నది. కంపెనీ పేరు చెప్పను. ముప్ఫయ్యేళ్లు మోసినవాళ్ల మీద పితూరీ చెప్పేంత కృతఘ్నుణ్ణి కాను. స్టాండు వేసి మూడో కిక్కు కొట్టానో లేదో, వెనక నుంచి వినపడింది.

"ప్లగ్గు చూశారా?"

అడిగినాయన చేతిలో టీ గ్లాసు తప్ప మరేం లేదు. ఇన్నేళ్లుగా చూస్తున్నాను, ప్లగ్గు చూశారా అని అడిగేవాడి దగ్గర ప్లగ్ స్పానర్ ఉండగా చూడలేదు. స్పానర్ ఉన్నవాడు అడగడు, విప్పుతాడు.

అలాగని ప్రశ్నలో తప్పు లేదండోయ్. ప్లగ్గు విప్పి, మళ్లీ క్యాప్‌కి తగిలించి, ఇంజన్ లోహానికి ఆనించి కిక్కు కొడితే నీలంగా రవ్వ పడాలి. పక్కన పెట్రోలు కారుతూ ఉండకూడదు, లేకపోతే రవ్వతో పాటు మన కనుబొమలు కూడా పోతాయి. ప్లగ్గు తడిగా ఉంటే పెట్రోలు ఎక్కువైనట్టు, పొడిగా ఉంటే అసలు రానట్టు, నల్లగా మసి పట్టి ఉంటే గీకాల్సినట్టు. ఇంత శాస్త్రముంది. కాకపోతే అదంతా ప్లగ్గు విప్పాక మొదలయ్యే శాస్త్రం.

ఈలోగా రెండో నిపుణుడు ట్యాంకు మూత తీసి, బండిని అటూ ఇటూ ఊపి, చెవి ఆనించి విన్నాడు. పెట్రోలు ఉందని ప్రకటించాడు. ఉందని నాకు తెలుసు, పొద్దున్నే కొట్టించాను. మూడో ఆయన ట్యాంకులోకి నోటితో ఊదాడు. మూతకుండే సన్న బెజ్జం మూసుకుపోతే లోపలికి గాలి ఆడక పెట్రోలు కిందికి దిగదు, ఆ మాట నిజమే. కానీ మూత తీసి రెండు నిమిషాలైంది కదా స్వామీ, గాలి ఆడుతూనే ఉంది కదా! ఊది ఊది ఆయన మొహం ఎర్రబడింది. తర్వాత కాసేపు కూర్చోబెట్టి మంచినీళ్లు ఇవ్వాల్సి వచ్చింది, ఆ నీళ్ల సీసా నేనే కొన్నాను.

నాలుగో ఆయన "పడుకోబెట్టండి, అదే దారికొస్తుంది" అన్నాడు. స్కూటర్ల కాలం మనిషి. ఆ పాత గేర్ల స్కూటర్లు పోయి ఎన్నేళ్లైనా ఆ వైద్యం పోలేదు. నలుగురూ కలిసి పడుకోబెట్టారు. లేపేటప్పుడు ఇద్దరే మిగిలారు, అందులో ఒకణ్ణి నేను.

అప్పుడొచ్చాడు యమహా ఆర్ఎక్స్ హండ్రెడ్ ఆయన. ఇలాంటి ప్రతి సభకీ ఒకడు వస్తాడు. "నా దగ్గర ఆర్ఎక్స్ ఉండేది సార్, అర కిక్కుకే స్టార్టు" అంటాడు. ఆ బండి మన దేశంలో 1985లో వచ్చింది, 1996లో ఆగింది. నాకు తారసపడిన మాజీ ఓనర్లనే లెక్క వేస్తే కంపెనీ ఆ పదకొండేళ్లూ రాత్రి షిఫ్టులు నడిపినా సరిపోదు. ఆయన చెప్పులు విప్పి నాకు పట్టుకోమని ఇచ్చాడు. లుంగీ పైకి కట్టాడు. కళ్లు మూసుకుని దుర్గమ్మని తలుచుకున్నాడు. కొట్టాడు. కిక్కు రాడ్డు వెనక్కి తన్ని ఆయన కాలి ఎముక మీద తగిలింది. చెప్పులు కూడా అడగకుండా కుంటుకుంటూ వెళ్లాడు. అవి టీ కొట్టాయనకి అప్పగించి వచ్చాను.

ఇంతవరకూ నాకు నవ్వే వచ్చింది, నిజంగా. ఆ తర్వాత ఒక తెల్ల చొక్కా ఆయన "మీదెక్కడండీ?" అన్నాడు. సింగ్‌నగర్ అన్నాను. "ఓహో, వరదలో మునిగిన బండా! ముందే కాస్త ఎత్తు మీద పెట్టుకోవాల్సింది."

2024 సెప్టెంబర్ 1, ఆదివారం. బుడమేరు వాగుకి గండ్లు పడ్డాయి. పూడ్చడానికి సైన్యం రావాల్సి వచ్చింది. గండి కాలవకి పడితే తప్పు బండి ఓనరుదా? ఎత్తు అంటున్నావే, మా వీధిలో ఎత్తు ఎక్కడుందో చూపించు! మా పక్కింటి కుర్రాడు బండి మీద తిరిగి ప్లంబింగ్ పని చేసుకునేవాడు. దాని మీద ఇంకా కిస్తీలు ఉన్నాయి. హ్యాండిల్ కూడా కనపడలేదు. నీళ్లు తీశాక నీలాంటివాడే ఒకడొచ్చి "కొట్టు తమ్ముడూ, నీళ్లన్నీ సైలెన్సర్‌లోంచి పోతాయి" అన్నాడు. కుర్రాడు సెల్ఫ్ నొక్కాడు. నీళ్లు గాలిలాగా నొక్కుకుపోవయ్యా! సిలిండర్‌లో నీళ్లుంటే కనెక్టింగ్ రాడ్డు వంగుతుంది. వంగింది. ముందు ప్లగ్గు విప్పి నీళ్లు కక్కించాలి, పాలు పోసిన కాఫీలా మారిన ఇంజన్ ఆయిల్ దించి కొత్తది పోయాలి. ఆ రోజు ఒక్కడు, ఒక్కడంటే ఒక్కడు, ప్లగ్గు మాట ఎత్తలేదు! ఆ కుర్రాడికున్నది థర్డ్ పార్టీ ఇన్సూరెన్సు, సొంత బండికి పైసా రాదు. ఇంజన్ దించడానికి అప్పు చేశాడు. సలహా ఇచ్చినవాడి మూడో అంతస్తులో మాత్రం టీవీ కూడా తడవలేదు.

ఇదంతా ఆయనతో అన్నానా అంటే, అనలేదు. "అవునండీ" అన్నాను.

బండిని ఆటోనగర్ దాకా తోయించుకుపోయాను. అక్కడ ఒక పెద్దాయన ఒక్క ప్రశ్న కూడా వేయలేదు. కార్బరేటర్ కింది స్క్రూ వదులు చేసి, కారిందంతా గాజు గ్లాసులో పట్టాడు. పెట్రోలు కింద పెసరగింజంత నీటి బొట్టు, దాని పక్కన చిటికెడు తుప్పు. పెట్రోలు వెళ్లే సన్న బెజ్జం ఉన్న జెట్టు విప్పి గాలి కొట్టాడు. ఇక ప్లగ్గు కూడా చూద్దామని చెయ్యి చాచి, పక్క డోరు తెరిచి, లోపలున్న గుడ్డ మూట విప్పి స్పానర్ తీశాడు.

మా నాన్నగారు పెట్టిన స్పానర్. బుడమేరు మట్టి ఎండిపోయి ఇంకా దాని మీదే ఉంది. ఏలూరు రోడ్డు మీద గంటన్నర సేపు అది నా మోకాలి పక్కనే ఉంది.

ఆ టీ కొట్టు వైపు కొన్నాళ్లు వెళ్లే ఉద్దేశం లేదు.