గడ్డికి కూడా గౌరవమా?

బెంగళూరు పొలిమేరల్లో కాస్త నేల ఖాళీగా కనిపిస్తే చాలు, దాన్ని జాతీయ వనమో, అభయారణ్యమో, రక్షిత ప్రాంతమో చేసేయాలని చూసే దురలవాటును మేం తీవ్రంగా ఖండిస్తున్నాం. మేం అంటే యలహంక అవతల థర్టీ ఫార్టీ సైటు కొనుక్కుని, ధర ఎప్పుడు పెరుగుతుందా అని కళ్లు కాయలు కాచేలా ఎదురుచూస్తున్న తెలుగు సోదరులం. ఉద్యమం మాత్రం రైతులది. బ్యానరు మీద అలాగే రాయించాం.

హెసరఘట్ట సంగతే చూడండి. ఊరికి వాయవ్యాన ఐదు వేల ఎకరాలకు పైగా ప్రభుత్వ భూమి. అందులో ఉన్నదేమిటి? గడ్డి! నాలుగు టేకు చెట్లుంటే అడవి అని సరిపెట్టుకునేవాళ్లం. గడ్డి పెరిగే నేలను బంజరు ఖాతాలో రాసుకోవడం తెల్లదొరల కాలం నుంచీ వస్తున్న ఆచారం. పూర్వాచారాలను ఇలా మంటగలపడం మంచిది కాదు.

చలికాలంలో మధ్య ఆసియా వైపు నుంచి పిల్లిగద్దలు వచ్చి ఈ గడ్డిలో దిగుతాయట. రాత్రిళ్లు చెట్టెక్కకుండా గుంపుగా నేల మీదే పడుకుంటాయట. అనంతపురం నుంచి వచ్చినవాడు పది నెలల అద్దె అడ్వాన్సుగా కడితే తప్ప గడపలో కాలుపెట్టలేని నగరంలో ఈ ఉచిత బస ఏ న్యాయం? అరుదైన నేలనెమలి కూడా ఇక్కడ కంటపడిందని పక్షి ప్రేమికులు సంబరపడుతున్నారు. మా బాల్కనీలో పావురాలు వందల్లో ఉన్నాయి. వాటి లెక్కన మాకెన్ని ఎకరాలు రావాలి?

ఇక చట్టం. దాన్ని చదవకపోవడమే ఉద్యమానికి శ్రేయస్కరం. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం జాతీయ వనంలో పశువులను మేపకూడదు. కాబట్టి పశువులున్నవాడు ఆ పేరు వింటే భయపడడం సహజం. ఆ భయం బంగారం లాంటిది. అయితే హెసరఘట్టకు ప్రతిపాదించింది జాతీయ వనం కాదు, కన్జర్వేషన్ రిజర్వు. 2002 సవరణతో వచ్చిన ఈ ఏర్పాటు ప్రభుత్వ భూమికే వర్తిస్తుంది. పట్టా భూమి జోలికి రాదు, ఊళ్లను ఖాళీ చేయించదు. పైగా స్థానికులను సంప్రదించాకే ప్రకటించాలి. ఇవన్నీ విడమరచి చెబితే షామియానా కిందికి ఎవరొస్తారు? అందుకే అన్నింటినీ కలిపి ‘పార్కు’ అన్నాం. 2021లో రాష్ట్ర వన్యప్రాణి మండలి ఈ ప్రతిపాదనను తోసిపుచ్చినప్పుడు మిఠాయిలు పంచుకున్నాం. ఆ తర్వాత ప్రభుత్వం మారింది, మండలి మనసూ మారింది. మిఠాయిలు తిరిగి ఇమ్మని ఎవరూ అడగలేదు, అదొక్కటే ఊరట.

మొన్నటి సభలో పశువుల కాపరి పెద్దాయన ఒకరిని ముందు వరుసలో కూర్చోబెట్టాం. ఫొటోల్లో తలపాగా బాగా వస్తుంది. బిర్యానీ పొట్లం అందుకుంటూ ఆయన, “సార్, పోయినేడు మీ లేఅవుటుకు కంచె వేశారు కదా, చెరువుకు పోయే బాట మూసుకుపోయింది. ఆవుల్ని మైలున్నర చుట్టూ తిప్పుకుపోతున్నాను. అది కూడా ఆ పార్కువాళ్ల పనేనా?” అని అడిగారు. మా కోశాధికారి చాకచక్యంగా ఆయనకు ఇంకో పొట్లం ఇచ్చారు.

ఈ విషయంలో ఊరికి దక్షిణాన ఉన్న బన్నేరుఘట్ట జాతీయ వనం మనకు ఆదర్శం. అక్కడ వనం చుట్టూ కట్టడాలకూ గనులకూ ఆంక్షలుండే పర్యావరణ సున్నిత మండలం 268.96 చదరపు కిలోమీటర్లని 2016 ముసాయిదాలో రాశారు. 2020లో తుది నోటిఫికేషన్ వచ్చేసరికి అది 168.84కు దిగింది. వంద చదరపు కిలోమీటర్లు, ఒక్క చెట్టు కొట్టకుండా, కలం పోటుతో! ముసాయిదా మీద అభ్యంతరాలకు అరవై రోజుల గడువిస్తారు. ఏ ఏనుగూ అర్జీ పెట్టుకోలేదు. హక్కుల మీద శ్రద్ధ లేనివాళ్ల గురించి మనం మాత్రం ఎంతకని బాధపడతాం?

నీళ్ల మాట కూడా ఎత్తుతున్నారు. 1894లో అర్కావతి నది మీద కట్టిన హెసరఘట్ట చెరువు ఒకప్పుడు బెంగళూరు దాహం తీర్చిందట, ఈ గడ్డినేలే దానికి వాననీటిని అందిస్తుందట. ఇప్పుడు కావేరి లేదా? సుమారు వంద కిలోమీటర్ల నుంచి, అంత ఎత్తుకు తోడి మరీ తెస్తున్నారు. అదీ చాలకపోతే ట్యాంకర్లున్నాయి. 2024 వేసవిలో వాటి ధర ఎలా పెరిగిందో చూశాక, సైటుకు బదులు ట్యాంకరు కొనాల్సిందని మా బావగారు ఇప్పటికీ నిట్టూరుస్తారు.

ఇంతకీ మేం ప్రకృతి ద్వేషులం కాము. మా లేఅవుటు బ్రోషరు అట్ట మీద రెండు జింకలు, ఒక జలపాతం ఉన్నాయి. జలపాతం ఎక్కడిదో అడగకండి. తూర్పు ముఖం సైటుకు ఒక ధర, గడ్డి మైదానానికి ఎదురుగా ఉన్న సైటుకు ఇంకాస్త ఎక్కువ ధర. నేను ఆ ఎక్కువే కట్టాను. బ్రోషరు ప్లానులో ఆ మైదానాన్ని ఆకుపచ్చగా వేసి, దాని మీద సన్నగా పెన్సిలుతో ‘రెండో దశ’ అని రాశారు. అదేమిటని ఏజెంటును నిలదీశాను. “దిగులు పడకండి సార్, అక్కడా సైట్లు పడితే మీది రోడ్డు ఫేసింగ్ అవుతుంది, దానికి ఇంకా గిరాకీ” అన్నాడు. వచ్చే ఆదివారం ధర్నాకు మనిషికి ఐదు వందలు చందా వేసుకున్నాం. నేను వెయ్యి ఇచ్చాను.