గవర్మెంటు మారితే కంపెనీకి కోర్టు ఉంది, మా చిన్నాయనకు ఏముంది?

పోయిన నెల అనంతపురం జిల్లా బెళుగుప్ప వైపు ఉన్న మా ఊరికి వెళ్ళినప్పుడు మా చిన్నాయన ట్రంకుపెట్టెలోంచి ఒక ప్లాస్టిక్ కవరు తీసి నా చేతిలో పెట్టాడు. అందులో పదహారు పేజీల కౌలు ఒప్పందం ఉంది. మొదటిది స్టాంపు కాగితం, మిగిలినవన్నీ తెల్ల కాగితాలు, ఆసాంతం ఇంగ్లీషు. సంతకం పెట్టవలసిన ప్రతిచోటా పెన్సిలుతో చిన్న ఇంటూ గుర్తు పెట్టి ఉంది. "నాయనా, సదువుకున్నోనివి, దీంట్లో ఏముందో నిమ్మళంగా సెప్పు" అన్నాడు. వసారాలో కూర్చుని రెండు గంటలు చదివి చెప్పాను. గాలిమరలకూ సోలార్ పలకలకూ కలిపి దాదాపు ముప్పై ఏళ్ళ కౌలు అది. కంపెనీ తన హక్కులను మధ్యలో ఇంకో కంపెనీకి బదలాయించుకోవచ్చు, తన కౌలు హక్కును బ్యాంకులో తాకట్టు పెట్టుకోవచ్చు, వద్దనుకుంటే మూడు నెలల నోటీసు ఇచ్చి వెళ్ళిపోవచ్చు. రైతు మాత్రం గడువు తీరేదాకా బయటికి రావడానికి వీల్లేదు. తగాదా వస్తే హైదరాబాదులో కంపెనీ సూచించిన మధ్యవర్తి ముందు తేల్చుకోవాలి. అంతా విని ఆయన అడిగింది ఒకే ఒక్క మాట: "గవర్మెంటు మారితే ఈ కాగితం సెల్లుతాదా?"

ఆ ప్రశ్నకు నేను అక్కడ సరైన జవాబు చెప్పలేకపోయాను. అనంతపురం తిరిగి వచ్చాక కూడా అది నన్ను వదల్లేదు కాబట్టి ఇంత పొడుగ్గా రాస్తున్నాను.

ఆయన అలా అడగడానికి కారణం ఉంది. 2019 మేలో ప్రభుత్వం మారింది. జూలై నాటికి పాత సోలార్, పవన విద్యుత్ ఒప్పందాలను సమీక్షించడానికి ఉన్నతస్థాయి కమిటీ వేశారు, యూనిట్ ధరను 2 రూపాయల 43, 44 పైసలకు తగ్గించుకోవాలని కరెంటు పంపిణీ సంస్థలైన డిస్కంలు కంపెనీలకు లేఖలు రాశాయి. కంపెనీలు వెంటనే హైకోర్టుకు వెళ్ళి స్టే తెచ్చుకున్నాయి. మూడేళ్ళ దగ్గర వ్యాజ్యం నడిచాక, 2022 మార్చిలో ధర్మాసనం ఒప్పందంలో రాసుకున్న ధర ప్రకారమే బకాయిలు ఆరు వారాల్లో చెల్లించాలని తీర్పు ఇచ్చింది. ఆ తీర్పును నేను తప్పుపట్టడం లేదు. చేసుకున్న ఒప్పందాన్ని ప్రభుత్వం మారినంత మాత్రాన చించివేయకూడదన్నది న్యాయమే. ఆ న్యాయం మెగావాట్లు అమ్ముకునేవాడికి ఎంత వర్తిస్తుందో, ఆ మెగావాట్లకు కింద నేలను ఇచ్చినవాడికీ అంతే వర్తించాలన్నది నా మాట. కంపెనీకి ధర పైసలతో సహా రాసిన కాగితం ఉంది, వకీళ్ళు ఉన్నారు, స్టే తెచ్చుకునే స్తోమత ఉంది. మా చిన్నాయనకు ఉన్నది సాగుకని ప్రభుత్వం ఇచ్చిన ఏడెకరాల డీకేటీ పట్టా.

2024 జూన్ 12న కొత్త ప్రభుత్వం ప్రమాణం చేసింది. ఆ అక్టోబరులోనే సమగ్ర స్వచ్ఛ ఇంధన విధానం ప్రకటించింది. 160 గిగావాట్ల లక్ష్యం, 10 లక్షల కోట్ల పెట్టుబడి, 7.5 లక్షల ఉద్యోగాలు అన్నారు. అందులో ఒక్క సోలార్ వాటాయే 78.5 గిగావాట్లు, అంటే 78,500 మెగావాట్లు. ఈ అంకెను పత్రికలో చదివిన రోజు నేను కాగితం మీద ఒక చిన్న లెక్క వేసుకున్నాను. కర్నూలు దగ్గర గని, శకునాల గ్రామాల నేలమీద 2017లో పూర్తయిన సోలార్ పార్కు వెయ్యి మెగావాట్లది, దానికి పట్టిన భూమి దాదాపు 5,900 ఎకరాలు. ఆ లెక్కన 78.5 గిగావాట్లకు నాలుగున్నర లక్షల ఎకరాల పైమాటే. ఇప్పుడొచ్చే పలకలు మెరుగైనవి కనుక మెగావాటుకు నాలుగెకరాలే పడుతుందనుకున్నా మూడు లక్షల ఎకరాలు దాటుతుంది. ఎండ, గాలి, చవక భూమి మూడూ ఒకచోట దొరికేది రాయలసీమలోనే కాబట్టి అందులో పెద్ద వాటా ఎవరి పొలాల మీద పడుతుందో విడిగా చెప్పనక్కరలేదు. ఇంత భూమి చేతులు మారబోతుంటే ఎవరి పేరున ఏ సర్వే నంబరు ఉందో, ఎవరు సాగులో ఉన్నారో, ఎవరి మేకలు ఎక్కడ మేస్తున్నాయో తేల్చకుండా ముందుకు పోవడమే నా భయం.

2013 భూసేకరణ చట్టం ప్రకారం ప్రైవేటు కంపెనీ కోసం భూమి సేకరించాలంటే నూటికి ఎనభై మంది రైతుల సమ్మతి కావాలి, సామాజిక ప్రభావ అంచనా జరగాలి, గ్రామసభలో బహిరంగ విచారణ పెట్టాలి. కానీ కౌలుకు తీసుకుంటే అది సేకరణ కాదు కనుక ఇవేవీ అక్కరలేదు. పైగా మన రాష్ట్రం 2018లోనే చట్టాన్ని సవరించి కొన్ని రకాల ప్రాజెక్టులకు సామాజిక ప్రభావ అంచనా నుంచి మినహాయింపు తెచ్చుకుంది. సోలార్ ప్రాజెక్టులకు కేంద్రం 2006 నాటి పర్యావరణ ప్రభావ నోటిఫికేషన్ నుంచి ఎప్పుడో మినహాయింపు ఇచ్చింది. అంటే బొగ్గు ప్లాంటు పెట్టేటప్పుడు కలెక్టరు షామియానా వేయించి జనాన్ని మాట్లాడించే ఆ ఒక్క రోజు కూడా సోలార్ పార్కు వచ్చే ఊరికి లేదు. ఊరి అభిప్రాయం ఎక్కడా రికార్డు కాదు.

అది రికార్డు కాకపోతే ముందు దెబ్బతినేది కాగితం లేనివాళ్ళు. నంబులపూలకుంటలో సోలార్ పార్కు కోసం భూములు తీసుకున్నప్పుడు పట్టా ఉన్నవాళ్ళ మాట ఒక రకంగా, తాతల నాటినుంచి సాగు చేస్తున్నా పట్టా లేని శివాయిజమా రైతుల మాట ఇంకో రకంగా తేలింది. కొండ పోరంబోకులో, బీళ్ళలో గొర్రెలు మేపుకునే కురుబలకూ గొల్లలకూ ఏ రికార్డులోనూ పేరు ఉండదు. పరిహారం పట్టికలో వాళ్ళకు గడి కూడా ఉండదు. మా ఊరి తూర్పున ఒక కంచె వేశారు. ఎనిమిదడుగుల ఇనుప జాలీ, పైన ముళ్ళతీగ. ఆ కంచె పాత బండిదారిని సరిగ్గా మధ్యలో కోసింది. దారి గుర్తు ఇంకా చెరిగిపోలేదు, రెండు చక్రాల గాడులు కంచె దాకా వచ్చి అవతల పలకల కింద మళ్ళీ కనబడతాయి. గొర్రెల మంద ఇప్పుడు తారురోడ్డు మీదుగా దాదాపు నాలుగు కిలోమీటర్లు చుట్టి పోవాలి. దారి మూసే ముందు ఒక్కరిని అడిగినవాళ్ళు లేరు, అడ్డు చెప్పడానికి ఒక తేదీ ఇచ్చినవాళ్ళూ లేరు.

కరెంటు లైన్ల టవర్ల సంగతి ఇంకా దారుణం. 1885 నాటి టెలిగ్రాఫ్ చట్టంలోని అధికారాలను 2003 విద్యుత్ చట్టం 164వ సెక్షన్ ద్వారా లైను వేసే సంస్థలకు ఇస్తూ వచ్చారు. ఆ అధికారం చేతిలో ఉంటే పొలంలో టవరు నిలబెట్టడానికి రైతు సమ్మతి అవసరం లేదు, నష్టపరిహారం ఇస్తే చాలు. టవరు కాళ్ళున్న జాగాకు భూమి విలువలో 200 శాతం, తీగల కింది పట్టీకి 30 శాతం ఇవ్వాలని కేంద్ర విద్యుత్ శాఖ 2024 జూన్‌లో మార్గదర్శకాలు ఇచ్చింది. మంచిదే. కానీ ఏ విలువ మీద 200 శాతం? రిజిస్ట్రేషన్ ఆఫీసు పుస్తకంలోని విలువ మీదనా, పక్క పొలం నిజంగా అమ్ముడుపోయిన ధర మీదనా? మా వైపు ఆ రెంటికీ మధ్య తేడా మూడింతలు, నాలుగింతలు ఉంటుంది.

ఈ ప్రశ్నలు అడగవలసినవాళ్ళు నిర్భయంగా అడగగలుగుతున్నారా అన్నది నా రెండో దిగులు, నిజానికి మొదటిదానికంటే పెద్దది. మా ఊళ్ళో డిగ్రీ చదివే ఒక పిల్లవాడు, గాలిమర రెక్కలు మోసుకొచ్చే లారీలు ఊరి మంచినీళ్ళ పైపును రెండోసారి పగలగొట్టాయని ఫోనులో వీడియో తీసి పెట్టాడు. అందులో బూతు లేదు, ఎవరి పేరూ లేదు. మూడో రోజు ఒక ఠాణా నుంచి ఫోను వచ్చింది. ఆధార్ కార్డు తీసుకుని రమ్మన్నారు. పొద్దున పదింటికి పోయినవాణ్ణి సాయంత్రం ఆరు దాకా బెంచీ మీద కూర్చోబెట్టారు. కేసు లేదు, కొత్త నేర ప్రక్రియ చట్టం బీఎన్‌ఎస్‌ఎస్ 35(3) కింద ఇవ్వవలసిన నోటీసు లేదు. ఫోను మాత్రం తొమ్మిది రోజులు వాళ్ళ దగ్గరే ఉంచుకున్నారు, రసీదు ఇవ్వలేదు. వాళ్ళమ్మ ఆ తొమ్మిది రోజులూ మా ఇంటికి వచ్చి "వాని ఉద్యోగానికి ఏమన్నా అడ్డమొస్తాదా సార్" అని అడిగింది. ఆ తర్వాత ఊళ్ళో పైపు గురించి పోస్టు పెట్టినవాడు లేడు. ఒక మనిషిని ఎనిమిది గంటలు కూర్చోబెడితే ఆరువందల గడపల నోరు మూతపడింది.

ఇది ఈ ప్రభుత్వం కొత్తగా కనిపెట్టినది కాదు. 2023 జనవరిలో రోడ్ల మీద సభలను కట్టడి చేస్తూ జీవో నంబరు 1 తెచ్చింది పాత ప్రభుత్వం. ఆ మే నెలలో హైకోర్టు దాన్ని కొట్టివేసింది. అప్పుడు ఆ జీవోను ఊరూరా తిట్టినవాళ్ళే ఇప్పుడు అధికారంలో ఉన్నారు కాబట్టి వాళ్ళ మీద నా ఆశ ఎక్కువ, అందుకే నా బాధ కూడా ఎక్కువ. 2024 నవంబరులో సామాజిక మాధ్యమాల పోస్టుల మీద రాష్ట్రమంతా వరుసగా కేసులు, అరెస్టులు జరిగాయి, ఆచూకీ చెప్పడం లేదంటూ హెబియస్ కార్పస్ పిటిషన్లు హైకోర్టు దాకా వెళ్ళాయి. ఆ పోస్టుల్లో ఆడవాళ్ళను, పిల్లలను నీచంగా దూషించినవి ఉన్నాయి. వాటిని రాసినవాళ్ళకు చట్టప్రకారం శిక్ష పడవలసిందే. కానీ 2025 జూలైలో హైకోర్టు మేజిస్ట్రేట్లకు ప్రత్యేకంగా సర్క్యులర్ పంపి, అనవసర అరెస్టుల మీద సుప్రీంకోర్టు ఇచ్చిన 2014 నాటి అర్నేష్ కుమార్ తీర్పును, మాటల మీద పెట్టే కేసుల గురించి ఇచ్చిన 2025 నాటి ఇమ్రాన్ ప్రతాప్‌గఢీ తీర్పును పాటించకుండా యాంత్రికంగా రిమాండు వేయవద్దని చెప్పవలసి వచ్చిందంటే పరిస్థితి ఎక్కడిదాకా వచ్చిందో అర్థం చేసుకోవాలి. బూతు రాసినవాడి కోసం వేసిన వలలో పైపు పగిలిందన్నవాడూ పడుతున్నాడు.

మంచి జరిగినచోట మంచి అనాలి. రైతులను అంతగా భయపెట్టిన భూ యాజమాన్య హక్కు చట్టాన్ని ఈ ప్రభుత్వం వచ్చీరాగానే 2024 జూలైలో రద్దు చేసింది. అదే ఏడాది నవంబరులో కర్నూలు జిల్లా దేవనకొండ మండలం కప్పట్రాళ్ళ అడవిలో యురేనియం తవ్వకాల పరిశోధన మాట వినగానే చుట్టుపక్కల ఊళ్ళన్నీ రోడ్డెక్కాయి. ప్రభుత్వం దిగివచ్చి ఆపుతామని ప్రకటించింది. ఆ జనానికి అంత పట్టుదల ఎక్కడినుంచి వచ్చిందంటే, కడప జిల్లా తుమ్మలపల్లె చుట్టూ బోర్లలో నీళ్ళు పాడై అరటితోటలు ఏమయ్యాయో వాళ్ళు విన్నారు, కొందరు పోయి చూసి వచ్చారు. కప్పట్రాళ్ళలో జనం కూడగలిగారు, మాట్లాడగలిగారు కాబట్టే అది ఆగింది. ఆ రోజు ఆ వీడియోలు పెట్టిన ప్రతివాణ్ణీ ఠాణాకు పిలిచి ఉంటే ఏమయ్యేది?

కరెంటుకూ నోటికీ ఉన్న సంబంధం మన రాష్ట్రానికి కొత్త కాదు. 2000 ఆగస్టు 28న బషీర్‌బాగ్‌లో ఛార్జీల పెంపు మీద నిరసనకు దిగినవారి మీద కాల్పులు జరిగాయి, ముగ్గురు చనిపోయారు. అప్పటి ముఖ్యమంత్రే ఇప్పటి ముఖ్యమంత్రి. ఆ రోజు ఏం జరిగిందో ఆయనకంటే బాగా తెలిసినవారు ఎవరూ ఉండరు, అందుకే ఆయన ప్రభుత్వమే ఈ విషయంలో అందరికంటే జాగ్రత్తగా ఉండాలని కోరుతున్నాను. మా ఇంటి బిల్లు తీసి చూస్తే వాడిన యూనిట్ల కింద సర్దుబాటు ఛార్జీ అని ఇంకో వరుస ఉంటుంది. 2022-23కు 6,072 కోట్లు, 2023-24కు 9,412 కోట్లు వినియోగదారుల నుంచి రాబట్టడానికి 2024 చివరిలో విద్యుత్ నియంత్రణ మండలి అనుమతించింది. అవి పాత ప్రభుత్వపు ఖర్చులని ఇప్పటివాళ్ళు అంటారు, లెక్కప్రకారం అది నిజమే. మరి కంపెనీకి పాత ఒప్పందం చెల్లుతుంది, డిస్కంకు పాత ఖర్చు చెల్లుతుంది, రైతు చేతిలోని కాగితానికి మాత్రం ఆ భరోసా ఎందుకు లేదు?

నేను సోలారుకు వ్యతిరేకిని కాను. యర్రగుంట్ల వైపు పోయినప్పుడల్లా ఆర్‌టీపీపీ బొగ్గు ప్లాంటు బూడిద చూసినవాణ్ణి, రామగిరి కొండమీద గాలిమరలు మొదటిసారి తిరిగినప్పుడు పిల్లలను బస్సులో తీసుకుపోయి చూపించిన పంతులును. ఎండిన బుడ్డల (వేరుశనగ) చేను కంటే ఎకరాకు ఏటా వచ్చే ముప్పైవేల పైచిలుకు కౌలు చాలామందికి నిజంగా మేలు. చిన్నాయనకు కూడా మేలే కావచ్చు, వద్దని నేను ఆయనకు చెప్పలేదు. కానీ ఆ ఒప్పందం తెలుగులో ఉండాలి, తహశీల్దారు ముందు చదివి వినిపించాలి, కంపెనీ చేతులు మారితే రైతు మళ్ళీ సంతకం చేసేదాకా అది చెల్లకూడదు, తగాదా అనంతపురం కోర్టులోనే తేలాలి. ప్రతి ఊళ్ళో గ్రామసభ పెట్టి, బండిదార్లూ మేత బీళ్ళూ ఎక్కడున్నాయో మ్యాపు మీద గీయించిన తర్వాతే కంచె లేవాలి. వీటిలో ఏ ఒక్కదానికీ కోట్లు ఖర్చు కావు. పెట్టుబడిదారుల కోసం వారం తిరగకుండా అనుమతులిచ్చే ప్రభుత్వానికి, రైతు కోసం ఒక నమూనా ఒప్పందం తెలుగులో అచ్చువేయించడం పెద్ద పనేమీ కాదు.

నిన్న సాయంత్రం చిన్నాయన ఫోను చేశాడు. కంపెనీ తరఫున సంతకాలు చేయించే దళారి మళ్ళీ ఇంటికి వచ్చాడట, పక్క పొలాల వాళ్ళందరూ సంతకాలు చేశారు, నీ ఒక్కనిదే మిగిలిందని చెప్పి పోయాడట. నేను పక్క పొలాల వాళ్ళలో ముగ్గురికి ఫోను చేసి కనుక్కున్నాను. వాళ్ళలో ఇద్దరు ఇంకా సంతకం చేయలేదు, మూడో ఆయన వేలిముద్ర వేశాడు గానీ కాగితం నకలు ఆయన దగ్గర లేదు. ఆదివారం ఊరికి పోతున్నాను. నలుగురినీ మా వసారాలో కూర్చోబెట్టి ఆ పదహారు పేజీలూ తెలుగులో మళ్ళీ మొదటినుంచి చదవాలి.