రీస్టార్ట్ చేసి కంప్లయింట్ మూసేస్తే సిస్టమ్ బాగుపడదు

ఆఫీసులో పూర్తిగా పోయిన కంప్యూటర్‌తో పెద్ద ఇబ్బంది ఉండదు, ఆన్ అవ్వదు కాబట్టి ఎవరూ వాదించరు, తీసేసి ఇంకోటి పెడతారు. ప్రాణం తీసేది ఒకసారి పనిచేసి ఇంకోసారి మొరాయించే సిస్టమే. పొద్దున బాగానే ఉంటుంది, సరిగ్గా పని ఎక్కువున్న టైంలో హ్యాంగ్ అవుతుంది, ఐటీ వాళ్ళు వచ్చేసరికి మళ్ళీ చక్కగా నడుస్తూ కనిపిస్తుంది. వాళ్ళు ఒకసారి రీస్టార్ట్ చేసి 'ఇప్పుడు ఓకే కదా' అని టికెట్ క్లోజ్ చేసి వెళ్ళిపోతారు, రెండ్రోజులకి మళ్ళీ అదే గొడవ.

ఇలాంటివి నెలల తరబడి బాగుపడకపోవడానికి కారణం టెక్నికల్‌గా తెలిసినవాళ్ళు లేక కాదని నేను గట్టిగా నమ్ముతాను. ఏం జరిగిందో చెప్పే ఆధారాల్ని మనమే చెరిపేస్తున్నాం, పైగా రోజంతా ఆ సీట్లో కూర్చునే మనిషి చెప్పేది సీరియస్‌గా తీసుకోవట్లేదు.

రీస్టార్ట్ తప్పని కాదు. మెమరీ తినేసిన ప్రోగ్రాం, ఇరుక్కుపోయిన ప్రింట్ స్పూలర్ (ప్రింట్ పనుల్ని వరుసలో పెట్టే ప్రోగ్రాం) లాంటివి దాంతో నిజంగానే సర్దుకుంటాయి. కానీ స్క్రీన్ మీద ఉన్న ఎర్రర్ మెసేజ్, ఆ క్షణంలో మెమరీ ఎంత నిండింది, ఏ ప్రోగ్రాం బిగుసుకుపోయింది అనేవన్నీ రీస్టార్ట్‌తో పోతాయి. అందుకే బటన్ నొక్కే ముందు ఫోన్‌తో స్క్రీన్ ఫొటో తీసి, టైమూ, అప్పుడు ఏం చేస్తున్నారో రాసి పెట్టుకోమని చెప్పాలి, ఒక్క నిమిషం పని. ఇంకో సంగతి చాలామందికి తెలీదు, విండోస్ 8 నుంచి ఫాస్ట్ స్టార్టప్ అని ఒకటి వచ్చింది, అది ఆన్‌లో ఉంటే షట్ డౌన్ చేసి మళ్ళీ ఆన్ చేసినా కెర్నల్, అంటే విండోస్ లోపలి అసలు భాగం, పాత స్థితి నుంచే లేస్తుంది, రీస్టార్ట్ కొడితేనే మొత్తం కొత్తగా మొదలవుతుంది. 'రోజూ సాయంత్రం ఆపేసే వెళ్తున్నాం సార్' అనేవాళ్ళ సిస్టమ్‌లో టాస్క్ మేనేజర్ తెరిచి చూస్తే అప్ టైమ్ (రీస్టార్ట్ లేకుండా గడిచిన సమయం) రోజుల తరబడి కనిపించేది ఇందుకే, వాళ్ళు అబద్ధం చెప్పట్లేదు.

టైం రాసుకోవడం ఎందుకంత ముఖ్యమో ఒక ఉదాహరణ చెప్తాను. సిస్టమ్ దానంతటదే ఆగిపోయి లేస్తే, జరిగినవన్నీ విండోస్ రాసిపెట్టే లాగ్స్ చూపించే ఈవెంట్ వ్యూయర్‌లో కెర్నల్ పవర్ 41 అని కనిపిస్తుంది. అది చూడగానే చాలామంది ఎస్‌ఎంపీఎస్ (డబ్బా లోపలి భాగాలకి కరెంటు ఇచ్చే యూనిట్) పోయిందని మార్చేస్తారు. ఆ 41 చెప్పేది ఒక్కటే, సరిగా షట్ డౌన్ అవ్వకుండా మిషన్ ఆగిపోయిందని. కరెంటు పోయుండొచ్చు, పవర్ కార్డ్ వదులుగా ఉండొచ్చు, దుమ్ము పట్టిన ఫ్యాన్ వల్ల వేడెక్కి ఉండొచ్చు, విసుగొచ్చి ఎవరో పవర్ బటన్ నొక్కి పట్టుకుని ఉండొచ్చు కూడా. పక్క పక్కన మూడు సిస్టమ్స్‌లో అదే నిమిషానికి 41 పడితే చూడాల్సింది యూపీఎస్‌నీ వైరింగ్‌నీ, ఒక్కదాంట్లోనే పడితే అప్పుడు ఆ డబ్బా తెరవాలి. ఇంత లోతుగా లాగ్స్ చదవలేనివాళ్ళకి విండోస్‌లోనే రిలయబిలిటీ మానిటర్ ఉంది, 1 నుంచి 10 దాకా స్కోరుతో రోజువారీ గ్రాఫ్ ఇస్తుంది, ఎర్ర గుర్తులు ఏ రోజు మొదలయ్యాయి, ఆ రోజు ఏ అప్‌డేటో డ్రైవరో (హార్డ్‌వేర్‌ని నడిపే ప్రోగ్రాం) ఎక్కిందా అని చూస్తే సగం దారి దొరుకుతుంది.

నాకు అన్నిటికంటే నచ్చే పరీక్షకి ఏ సాఫ్ట్‌వేరూ అక్కర్లేదు. గొడవ చేసే సిస్టమ్‌ని బాగా నడిచే సిస్టమ్ సీట్లో పెట్టి, బాగా నడిచేదాన్ని దీని సీట్లో పెట్టాలి. సమస్య మిషన్‌తో పాటు వెళ్ళిందా, లేక సీటు దగ్గరే ఉండిపోయిందా? సీటు దగ్గరే ఉంటే తప్పు మిషన్‌ది కాదు, సాకెట్‌దో లాన్ కేబుల్‌దో నెట్‌వర్క్ స్విచ్ పోర్ట్‌దో. లాన్ కేబుల్‌ని ఎవరూ అనుమానించరు, లైట్ వెలుగుతోంది కదా అంటారు. గిగాబిట్ స్పీడ్‌కి కేబుల్‌లోని 4 జతల వైర్లూ కావాలి, 100 ఎంబీపీఎస్‌కి 2 జతలు చాలు, అందుకే కుర్చీ చక్రం కింద పడి ఒక వైరు తెగినా చాలాసార్లు లింక్ అలాగే ఉంటుంది కానీ స్పీడ్ పదో వంతుకి పడిపోతుంది. ఐపీ అడ్రస్ 169.254 తో మొదలైతే నెట్‌వర్క్‌లో అడ్రస్‌లు ఇచ్చే సర్వర్ నుంచి అడ్రస్ రాలేదని అర్థం, అప్పుడు బ్రౌజర్‌ని తిట్టుకుని లాభం లేదు.

మదర్‌బోర్డు మీద ఉండి కంప్యూటర్ గడియారాన్ని నడిపే సీఆర్2032 బ్యాటరీ ఇంకో దొంగ. అది అయిపోతే కరెంటు తీసిన ప్రతిసారీ తేదీ వెనక్కి పోతుంది, దాంతో సైట్లు సురక్షితం కాదని బ్రౌజర్ ఆపేస్తుంది, డొమైన్ లాగిన్ (ఆఫీసు నెట్‌వర్క్ అకౌంట్‌తో లాగిన్) కూడా కుదరదు ఎందుకంటే ఆ లాగిన్‌ని సరిచూసే కెర్బెరోస్ పద్ధతి మామూలుగా టైంలో 5 నిమిషాలకి మించి తేడాని ఒప్పుకోదు. యూజర్ మాత్రం 'నెట్ రావట్లేదు' అని రాస్తారు, ఆ మాట పట్టుకుని రౌటర్ చుట్టూ తిరిగితే వారం పోతుంది.

ఏం మార్చినా ఒక్కోసారి ఒక్కటే మార్చాలి. ర్యామ్, కేబుల్, డ్రైవర్ మూడూ ఒకేసారి మార్చేస్తే బాగైనా దేనివల్లో తెలీదు. హార్డ్ డిస్క్ మీద అనుమానం ఉంటే మాత్రం ముందు డేటా కాపీ, తర్వాతే టెస్టులు.

ఇక మనిషిని నమ్మే విషయం. బ్రిటన్ పోస్టాఫీసుల్లో 1999 నుంచి హొరైజన్ అనే కంప్యూటర్ సిస్టమ్ పెట్టారు, బ్రాంచ్‌లు నడిపేవాళ్ళు లెక్కల్లో డబ్బు తక్కువ చూపిస్తోందని ఎంత మొత్తుకున్నా తప్పు మీదేనన్నారు, ఈ సమస్య మీ ఒక్కరికే వస్తోందని హెల్ప్‌లైన్ చెప్పిందని చాలామంది తర్వాత వాపోయారు. 900 మందికి పైగా దోషులుగా తేలారు, కొందరు జైలుకెళ్ళారు. ఆ సిస్టమ్‌లో బగ్స్ ఉన్నాయని 2019లో హైకోర్టు తేల్చింది, 2024లో ప్రత్యేక చట్టం తెచ్చి శిక్షలు రద్దు చేయాల్సొచ్చింది. మన ఆఫీసుల్లో పరిస్థితి అంత దూరం పోకపోవచ్చు, కానీ 'మీరే ఏదో నొక్కి ఉంటారు' అనే మాట రోజూ వినిపిస్తూనే ఉంది, అది విన్నవాళ్ళు రెండోసారి కంప్లయింట్ ఇవ్వరు, సిస్టమ్ బాగైపోయిందని రికార్డులో పడుతుంది. ఒకే తప్పు ఎంతమందికి వస్తోందో ఎవరికీ కనపడకుండా పోయేది అలాగే.

అందుకే నేను అడిగేది పెద్ద బడ్జెట్ కాదు. ప్రతి సిస్టమ్‌కీ ఒక షేర్డ్ షీట్, అందులో తేదీ, టైం, స్క్రీన్ మీద ఏముంది, ఏం మార్చారు. అది అందరికీ కనపడాలి, మేనేజర్లకి కూడా, ఎందుకంటే కొత్త మిషన్ కొనాలా వద్దా అన్నప్పుడు 'పాతదైంది' అనే మాటకంటే ఈ షీటే గట్టిగా పనిచేస్తుంది. టికెట్ క్లోజ్ చేసే హక్కు మాత్రం ఐటీ వాళ్ళ చేతిలో కాకుండా, ఆ సీట్లో వారం పాటు పనిచేసి చూసిన మనిషి చేతిలో పెట్టాలి.