హ్యోగో ఓటర్లు దేని మీద తీర్పు చెప్పారు?

జపాన్‌లో గవర్నర్‌ను ప్రజలే నేరుగా ఎన్నుకుంటారు. అధికారాల్లో మన ముఖ్యమంత్రికి దగ్గర. 2024 సెప్టెంబరులో హ్యోగో అనే ప్రిఫెక్చర్ (మన రాష్ట్రం లాంటిది) సభలోని 86 మంది సభ్యులూ ఏకగ్రీవంగా అవిశ్వాసం పెట్టి గవర్నర్ సైతో మోతోహికోను దింపేశారు. నవంబరు 17న ఓటర్లు ఆయన్నే మళ్లీ గెలిపించారు. ఆయనకు 11 లక్షల 13 వేల ఓట్లు, ప్రత్యర్థి ఇనామురా కజుమికి 9 లక్షల 76 వేలు.

గొడవకు మూలం ఒక లేఖ. గవర్నర్ సిబ్బందిని వేధిస్తున్నారంటూ ఆ ఏడాది మార్చిలో ఓ సీనియర్ అధికారి పేరు లేకుండా కొందరికి పంపారు. నిష్పాక్షిక విచారణకు అప్పగించాల్సిన సైతో, విలేకరుల ముందే అదంతా పచ్చి అబద్ధమన్నారు. రాసిందెవరో ఆరా తీయించి మేలో మూడు నెలలు సస్పెండ్ చేశారు. జులైలో ఆ అధికారి చనిపోయారు. ఆత్మహత్యేనని భావిస్తున్నారు.

పదవి పోయాక సైతో రైల్వే స్టేషన్ ముందు ఒంటరిగా నిలబడి, వచ్చేపోయేవాళ్లకు తలవంచి నమస్కరించారు. ఆ దృశ్యం సోషల్ మీడియాలో పాకిపోయింది. తచిబానా తకాషి అనే మరో అభ్యర్థి తన గెలుపు కోసం కాదు, సైతో కోసమే బరిలో దిగానని బాహాటంగా చెప్పి, చనిపోయిన అధికారి వ్యక్తిగత జీవితాన్ని వీధుల్లోకి లాగారు. టీవీ ఛానళ్లేమో ఎన్నికల వేళ తటస్థంగా ఉండాలంటూ నోరు కట్టేసుకున్నాయి. సందేహాలున్న జనం యూట్యూబ్‌లో వెతుక్కోక ఏం చేస్తారు? పోలింగ్ 41 నుంచి 55 శాతానికి పెరిగింది. ఇంత ఆసక్తితో వచ్చిన ఓటర్లను అమాయకులని తీసిపారేయడం అన్యాయం. మీడియా మీద, పాత పార్టీల మీద వాళ్ల కోపం నిజమైనదే.

కానీ ఒక ఉద్యోగిని చట్టప్రకారం చూశారా లేదా అన్నది ఓట్లతో తేలే విషయం కాదు. 2025 మార్చిలో స్వతంత్ర కమిటీ 16 ఆరోపణల్లో పదింటిని వేధింపులుగానే తేల్చింది. కారు గుమ్మం దాకా రాక 20 మీటర్లు నడవాల్సి వచ్చిందని సిబ్బందిపై విరుచుకుపడటం వాటిలో ఒకటి. లేఖ రాసినవారి కోసం వెతికించడం చట్టవిరుద్ధమనీ చెప్పింది. సైతో వేధింపులకు క్షమాపణ చెప్పారు గానీ, లేఖ విషయంలో తాను చేసింది సరైనదేనన్నారు. పదవిలోనే కొనసాగారు.

2025 జూన్‌లో జపాన్ పార్లమెంటు, తప్పులు బయటపెట్టే ఉద్యోగులను కాపాడే చట్టాన్ని సవరించింది. తప్పు బయటపెట్టినందుకు ఉద్యోగం తీసేసినా, క్రమశిక్షణ చర్య తీసుకున్నా, ఆ సవరణ అమల్లోకి వచ్చాక నేరమే. ఇది మంచి అడుగు. మరొకరి గెలుపు కోసం అభ్యర్థిగా నిలబడటాన్ని మాత్రం ఎన్నికల చట్టం సవరణలో నేరుగా నిషేధించకుండా, తర్వాత పరిశీలిద్దామని వదిలేశారు. అక్కడే నాకు గట్టి అభ్యంతరం. అభ్యర్థికి దక్కే పోస్టర్లు, ప్రచార వాహనం, మైకు మరొకరి ప్రచారానికి వాడుకోనిస్తే, పోటీదారులందరికీ సమాన అవకాశమన్న నియమానికి విలువే ఉండదు.