అత్తగారికో జెర్సీ

(సెయింట్ లారెన్స్ నదికి అవతల మాంట్రియల్, ఇవతల బ్రోసార్డ్. మాంట్రియల్‌వారి కెనడియెన్స్ ఐస్ హాకీ జట్టు సాధన చేసే మంచు మైదానం బ్రోసార్డ్‌లోనే ఉంది కాబట్టి, ఇక్కడ కూరగాయలకు వెళ్ళినవాడు కూడా జట్టు రక్షణ గురించి ఒక అభిప్రాయం సంచిలో వేసుకోకుండా ఇంటికి రాడు. 2025 ఆగస్టు, ఆదివారం మధ్యాహ్నం. తెనాలిలో లెక్కల టీచరుగా పదవీ విరమణ చేసిన అత్తగారు డైనింగ్ టేబుల్ దగ్గర చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తున్నారు. ఎదురుగా అల్లుడు ల్యాప్‌టాప్‌లో జెర్సీలు చూస్తున్నాడు. పూర్వం అత్తగారు అల్లుడితో తలుపు చాటు నుంచి మాట్లాడేవారట. హాకీ చూడడం మొదలుపెట్టాక ఈ ఇంట్లో ఆ తలుపుతో పని లేకుండా పోయింది.)

అల్లుడు: అత్తయ్యగారూ, నేను లేన్ హట్సన్ పేరున్న జెర్సీ తెప్పించుకుంటున్నాను. మీకు కూడా ఒకటి తెప్పించమని మీ అమ్మాయి డ్యూటీకి వెళ్తూ వెళ్తూ ఆజ్ఞాపించింది. హట్సన్ పేరు వేయించమంటారా, కెప్టెన్ సుజుకి పేరు వేయించమంటారా?

అత్తగారు: డేవిడ్ రైన్‌బాకర్ పేరు వేయించండి, అల్లుడుగారూ.

అల్లుడు: ఎవరి పేరు?

అత్తగారు: మీకు వినబడింది. వినబడలేదని నటించినంత మాత్రాన నేను మనసు మార్చుకోను.

అల్లుడు: పెద్ద లీగైన ఎన్‌హెచ్‌ఎల్‌లో ఇంకా ఒక్క మ్యాచ్ కూడా ఆడని కుర్రవాడి పేరు వీపున వేసుకుని మీరు మన జట్టు స్టేడియం బెల్ సెంటర్‌లో నా పక్కన కూర్చుంటారా? జట్లు వంతులవారీగా కొత్త కుర్రవాళ్ళను ఎంచుకునే డ్రాఫ్టులో, 2023లో ఐదో ఎంపిక మన వంతు వచ్చేసరికి మాత్‌వే మిచ్‌కోవ్ ఇంకా మిగిలే ఉన్నాడు. అతన్ని కాదని, స్విట్జర్లాండ్‌లో క్లోటెన్ జట్టుకు ఆడుకుంటున్న ఈ ఆస్ట్రియా అబ్బాయిని తీసుకున్నారు. ఫిలడెల్ఫియావాళ్ళు ఏడో ఎంపికలో మిచ్‌కోవ్‌ను కళ్ళకద్దుకుని తీసుకుపోయారు. మొన్నటి సీజన్లో అతను 26 గోల్స్ కొట్టి, ఇతరులకు అందించినవి కూడా కలిపి 63 పాయింట్లు సంపాదిస్తే, మనవాడు మోకాలికి కట్టు కట్టుకుని కూర్చున్నాడు.

అత్తగారు: కట్టు కట్టుకోవడం అతనికేదో సరదా అన్నట్టు చెబుతున్నారే! 2024 సెప్టెంబరులో సీజనుకు ముందు జరిగిన సన్నాహక మ్యాచ్‌లో మోకాలు దెబ్బతిని, శస్త్రచికిత్స చేయించుకుని, మళ్ళీ ఫిబ్రవరికల్లా మన కింది జట్టు లావాల్‌లో మంచు మీదికి వచ్చినవాణ్ణి కూర్చున్నాడంటారా? అయినా అతన్ని ఎంచుకున్నది క్లబ్బు. నన్నే తీసుకోండని అతను మాంట్రియల్ గుమ్మం ముందు ధర్నా చేయలేదు. మీకు కోపం ఉంటే జనరల్ మేనేజర్ కెంట్ హ్యూజ్‌గారి మీద ఉండాలి. ఆయనను వదిలిపెట్టి, డ్రాఫ్టు ముగిసీ ముగియకముందే పద్దెనిమిదేళ్ళ పిల్లవాడికి సామాజిక మాధ్యమాలలో తిట్లు పంపించారే, అది ఏ న్యాయం?

అల్లుడు: నేను పంపించలేదండీ.

అత్తగారు: మీరు సోఫాలో కూర్చుని తిట్టారని అమ్మాయి చెప్పింది. ఖాతాకు పాస్‌వర్డ్ మరిచిపోయినందువల్ల పంపించలేదట.

(అల్లుడు భార్య మీద మనసులో ఒక ఫిర్యాదు నమోదు చేసుకుని, వాదనను సురక్షితమైన చోటికి మళ్ళించాడు.)

అల్లుడు: పోనీ, హట్సన్‌ను చూడండి. 2022లో 62వ ఎంపికగా వచ్చినవాడు, ఐదడుగుల తొమ్మిది అంగుళాల మనిషి, మొదటి పూర్తి సీజన్లోనే 82 మ్యాచ్‌లూ ఆడి 66 పాయింట్లు తెచ్చాడు. అందులో 60 అసిస్ట్‌లు, అంటే ఇతరుల గోల్స్‌కు అందించినవి. కొత్తగా వచ్చిన డిఫెన్స్‌మన్‌లలో, అంటే రక్షణ ఆటగాళ్ళలో, అన్ని అసిస్ట్‌లు అంతకుముందు 1980-81లో లారీ మర్ఫీ ఒక్కడికే ఉన్నాయి. ఉత్తమ కొత్త ఆటగాడికిచ్చే కాల్డర్ ట్రోఫీ కూడా గెలిచాడు. కెన్ డ్రైడెన్ 1972లో గెలిచాక మన జట్టులో మళ్ళీ అది ఎవరికీ దక్కలేదు. రావడమంటే అలా రావాలి, అత్తయ్యగారూ.

అత్తగారు: అరవై రెండో ఎంపిక అని గర్వంగా చెబుతున్నారు కాబట్టి దాని లెక్క కూడా చెప్పండి. అతని కంటే ముందు అరవై ఒక్కమందిని పిలిచారన్నమాట. అందులో మనవాళ్ళు పిలిచినవారు ఎందరు?

అల్లుడు: (చిన్న గొంతుతో) ముగ్గురు.

అత్తగారు: స్లాఫ్‌కోవ్‌స్కీని మొదట, మేషార్‌ను 26లో, ఓవెన్ బెక్‌ను 33లో పిలిచి, అప్పుడు ఈ పిల్లవాణ్ణి పిలిచారు. ఆ డ్రాఫ్టు జరిగింది మన బెల్ సెంటర్‌లోనే. ఇంకా ఎదుగుతానని డాక్టరుగారి దగ్గర ఉత్తరం రాయించుకుని క్లబ్బులవారికి చూపించుకోవలసి వచ్చింది పాపం, సంబంధాల వయసులో పిల్లల జాతకాలు పట్టుకుని తిరిగినట్టు. పోయిన ఏడాది శీతాకాలం మొదట్లో మీరు ఏమన్నారో జ్ఞాపకం ఉందా? డిసెంబరు నెల సగం గడిచేదాకా హట్సన్‌కు గోలు రాలేదు. అప్పుడు ఇదే కుర్చీలో కూర్చుని, ఇంత చిన్నవాణ్ణి గోడకేసి కొడుతుంటే చూడలేకపోతున్నాననీ, లావాల్‌కు పంపి రెండేళ్ళు అన్నం పెట్టించాలనీ మీరు అన్నారు.

అల్లుడు: అది ప్రేమతో అన్నాను.

అత్తగారు: ప్రేమ ఉన్నచోట మంచు మీది నీలి గీత, ఆ బ్లూలైన్ దగ్గర జరిగేది కూడా చూడాలి కదా! పక్‌ను, ఆ రబ్బరు బిళ్ళను, కర్రకు తగిలించుకుని, భుజం ఎడమకు వంచి, ఎదుటివాడు అటు కదిలేదాకా ఆగి, అతని బరువంతా ఆ కాలి మీద పడగానే కుడివైపుకు జారిపోతాడు. అప్పటికి ఎదుటివాడు ఖాళీ మంచుకు కాపలా కాస్తూ ఉంటాడు. అక్టోబరులోనూ అదే చేశాడు, ఏప్రిల్‌లోనూ అదే చేశాడు. అక్టోబరులో మీరు దాన్ని తొందరపాటు అన్నారు, ఏప్రిల్‌లో ప్రతిభ అన్నారు.

అల్లుడు: సరే, నాది కాస్త తొందరే అనుకోండి. అయినా రైన్‌బాకర్‌కు ఆ విద్యలు ఏవీ లేవు. లావాల్‌లో మ్యాచ్ చూసి వచ్చాక నేనడిగితే, బాగా ఆడాడని చెప్పారే గాని, ఏం చేశాడో మీరు చెప్పలేకపోయారు.

అత్తగారు: చెప్పాను. మీరు పాయింట్లు ఎన్ని వచ్చాయని అడిగి, లేవనగానే ఫోను చూసుకున్నారు. ఇప్పుడు ఆ ఫోను బోర్లా పెట్టి వినండి. ప్రత్యర్థి ఒకడు మధ్య గీత దాటి దూసుకువచ్చాడు. మనవాడు వెనక్కి జారుతున్నాడు, మీద పడలేదు. వాడికీ తనకూ మధ్య ఒక కర్ర పొడవు దూరం చెడకుండా, నడి మైదానం వైపు దారి మూసి, గోడ వైపు దారి మాత్రం తెరిచి ఉంచాడు. వాడు ఆశపడి గోడ వైపు వెళ్ళాడు. మూల చేరేసరికి వాడికి ముందు గోడ, పక్కన ఆరడుగుల రెండంగుళాల ఈ అబ్బాయి. ఒక్కసారి కర్ర జాపి పక్ లాక్కుని, తనవాడికి అందించి ఊరుకున్నాడు. హాలులో ఒక్కరు చప్పట్లు కొట్టలేదు. నా పక్క సీటాయన పాప్‌కార్న్ కొనుక్కోవడానికి లేచాడు.

అల్లుడు: చూశారా, పాప్‌కార్న్‌కు లేచే ఆట ఆడాడని మీరే ఒప్పుకుంటున్నారు.

అత్తగారు: పడిన గోలుకు పేరు రాస్తారు, అందించినవారికి కూడా రాస్తారు. పడకుండా పోయిన గోలుకు ఎవరి పేరు రాస్తారు? ఆ గడి కాగితం మీద లేదు కాబట్టి మీరు సున్నా వేస్తున్నారు. నా తరగతిలో అలా సున్నా వేసిన సహోపాధ్యాయుడికి నేను ప్రధానోపాధ్యాయుల ఎదుటే సమాధానం చెప్పాను.

(తెనాలిలో ఆ సమాధానం విన్న ప్రధానోపాధ్యాయులు బదిలీకి అర్జీ పెట్టుకున్నారని ఇంట్లో ఒక కథ ప్రచారంలో ఉంది. అల్లుడు ఆ కథను నమ్ముతాడు.)

అల్లుడు: మీరు కేల్ మకార్‌ను మరిచిపోతున్నారు. కొలరాడో జట్టులో చేరీ చేరకముందే, 2019 ప్లేఆఫ్స్‌లో, మొట్టమొదటి మ్యాచ్‌లోనే గోలు కొట్టాడు. మరుసటి ఏడాదికి కాల్డర్, 2022లో ఉత్తమ డిఫెన్స్‌మన్‌కిచ్చే నారిస్ ట్రోఫీ, లీగు విజేతకిచ్చే స్టాన్లీ కప్పు కూడా. ఆట వచ్చినవాడికి ఆలస్యం ఎందుకవుతుంది?

అత్తగారు: మకార్‌ను ఎంచుకున్నది 2017లో. మధ్యలో రెండేళ్ళు మసాచుసెట్స్ విశ్వవిద్యాలయంలో ఆడుకున్నాడు. ఆ రెండేళ్ళూ మీబోటివారు ఎవరూ అతని కిటికీ కింద నిలబడి కేకలు వేయలేదు కాబట్టి ఆలస్యం మీకు కనబడలేదు. విక్టర్ హెడ్‌మన్ సంగతి చూడండి. 2009లో రెండో ఎంపిక, మొదటి సీజన్లో 20 పాయింట్లు. నారిస్ ట్రోఫీ వచ్చింది 2018లో.

అల్లుడు: అంటే మీ లెక్కన నేను 2032 దాకా ఆగాలి! 1993 నుంచి కప్పు లేక ఎదురుచూస్తున్నవాళ్ళం అత్తయ్యగారూ, మాకు ఇంకా ఓపిక ఎక్కడిది?

అత్తగారు: 1993లో మీరు రేపల్లెలో ఆరో తరగతి చదువుతున్నారు. మీరెప్పుడు ఎదురుచూశారు?

అల్లుడు: ఈ ఊరికి వచ్చాక పాత బాకీ కూడా నా మీద పడింది.

అత్తగారు: బాకీల మాట మీరే ఎత్తారు కాబట్టి అడుగుతున్నాను. ర్యాన్ మెక్‌డొనాను మాంట్రియల్ ఎప్పుడు ఎంచుకుంది?

అల్లుడు: (ల్యాప్‌టాప్ మూత సగం దించి) ఆ సంగతి ఇప్పుడెందుకు?

అత్తగారు: 2007లో, పన్నెండో ఎంపిక. డిఫెన్స్‌మన్. విస్కాన్సిన్‌లో చదువుకుంటూండగానే, అభిమానులకు పేరున్న ఆటగాడు కావాలని 2009లో స్కాట్ గోమెజ్ కోసం న్యూయార్క్ రేంజర్స్‌కు ఇచ్చేశారు. గోమెజ్ ఇక్కడ ఏడాదికి పైగా ఒక్క గోలు లేకుండా గడిపాడు. ఆ అబ్బాయి న్యూయార్క్‌కు కెప్టెన్ అయ్యాడు. తరువాత 2016లో తొమ్మిదో ఎంపిక మిఖాయిల్ సెర్గచోవ్, అతనూ డిఫెన్స్‌మనే. మనకు నాలుగంటే నాలుగు మ్యాచ్‌లు ఆడనిచ్చి, 2017లో జోనథన్ డ్రువాన్ కోసం టాంపాకు ఇచ్చేశారు. క్యూబెక్ బిడ్డ, ఫ్రెంచి మాట్లాడతాడు, గోల్స్ కొడతాడని ఊరంతా పండుగ చేసుకుందట. ఇప్పుడు చెప్పండి, 2021లో మన జట్టు 1993 తరువాత మొదటిసారి ఫైనల్ చేరినప్పుడు, ఎదుటి జట్టు ఏది?

అల్లుడు: టాంపా.

అత్తగారు: ఆ జట్టులో కప్పు ఎత్తినవారిలో మెక్‌డొనా ఉన్నాడా?

అల్లుడు: ఉన్నాడు.

అత్తగారు: సెర్గచోవ్?

అల్లుడు: ఉన్నాడండీ. ఆ రాత్రి నేను భోజనం కూడా చేయలేదు. ఇప్పుడు చిక్కుడుకాయ కూర మీద కూడా ఆశ పోయింది.

అత్తగారు: మనం ఆగలేక ఇచ్చేసిన పిల్లలిద్దరూ మన మీదే కప్పు గెలిచినా, ఈ ఊరివారికి ఆగడం అలవాటు కాలేదంటే నాకు ఆశ్చర్యంగా ఉంది. మా ఇంట్లోనైతే ఒక్కసారికే బుద్ధి వచ్చింది.

అల్లుడు: మీ ఇంట్లో ఏం జరిగింది?

అత్తగారు: అమ్మాయికి మిమ్మల్ని ఖాయం చేసిన రోజున మా ఆడపడుచులు భోజనాలు మానేశారు. డాలస్ సంబంధం చేతిలో ఉండగా, ఇంకా ఉద్యోగంలో కుదురుకోని రేపల్లె అబ్బాయి ఏమిటని ఏడాది పాటు ప్రతి పేరంటంలోనూ అడిగారు. ఆ డాలస్ అబ్బాయి ఇల్లు కొన్నప్పుడల్లా నాకు ఫోను చేసి చెప్పేవారు.

అల్లుడు: ఇల్లు కొన్నప్పుడల్లా అంటున్నారు. ఎన్ని ఇళ్ళు కొన్నాడండీ?

అత్తగారు: మిచ్‌కోవ్ లెక్కలు మీరు చూసుకుంటున్నట్టే చూసుకునేవారు. ఆయన సంగతి మనకు వద్దు, మీరు విషయానికి రండి.

అల్లుడు: అసలు మీరు ఆ రోజు నన్ను ఎందుకు ఎంచుకున్నారు?

అత్తగారు: కుడిచేతి డిఫెన్స్‌మన్‌లు దొరకరు, అల్లుడుగారూ. రైన్‌బాకర్‌ను ఎందుకు తీసుకున్నారో మీరు ఒక్కసారైనా ఆలోచించారా? కుడివైపు గోడ వెంబడి వచ్చే పక్‌ను ఎడమచేతివాటం వాడు కర్రను వెనక్కి తిప్పి అందుకోవాలి, ఇతను నేరుగా అందుకుని మరుక్షణం ముందుకు పంపగలడు. అటువంటివారు లీగులో తక్కువ కాబట్టే క్లబ్బు మొగ్గింది. అది సరైన నిర్ణయమో కాదో నాకూ తెలియదు. మీకు మాత్రం డ్రాఫ్టు నాడే తెలిసిపోయింది.

(అల్లుడు చాలాసేపు మాట్లాడలేదు. డాలస్ ఇళ్ళను లెక్కపెడుతున్నాడో, కుడిచేతివాటం గురించి ఆలోచిస్తున్నాడో చెప్పడం కష్టం. చివరకు ల్యాప్‌టాప్ మూత ఎత్తాడు.)

అల్లుడు: పేరు వేయించిన జెర్సీని వాళ్ళు వాపసు తీసుకోరు. రేపు ఆ కుర్రవాడు నిలదొక్కుకోకపోతే మీరు ఏం చేస్తారు?

అత్తగారు: నిలదొక్కుకునేదాకా ఉండి చూస్తాను. తల్లిదండ్రులకిచ్చే సూపర్ వీసా మీద ఒకసారి వస్తే ఐదేళ్ళు ఉండవచ్చునని మీరే కదా ఫారాలు నింపింది. అతని సంగతి తేలకుండా తెనాలి వెళ్ళే ఉద్దేశం నాకు లేదు.

అల్లుడు: (లేచి నిలబడి) హెడ్‌మన్‌కు తొమ్మిదేళ్ళు పట్టిందని ఇందాక మీరే అన్నారు!

అత్తగారు: పొడిగింపుకు కూడా దరఖాస్తు పెట్టుకోవచ్చునట. అమ్మాయి కనుక్కుంది.

అల్లుడు: అత్తయ్యగారూ, ఇంతసేపూ మీరు చెప్పినదంతా నాకు ఇప్పుడే అర్థమైంది. ఆ అబ్బాయిని లావాల్‌లో కూర్చోబెట్టడం మహాపరాధం. వచ్చే అక్టోబరులో మొదటి మ్యాచ్ నుంచే జట్టులో పెట్టి, రోజుకు ఇరవై అయిదు నిమిషాలు ఆడించి, ఎదుటి జట్టులో ఒకడు శిక్ష మీద బయట కూర్చున్నప్పటి పవర్ ప్లే కూడా ఇచ్చి, వసంతానికల్లా నారిస్ ట్రోఫీ చేతిలో పెట్టాలి. కెంట్ హ్యూజ్‌గారికి ఈ రాత్రే నేను ఉత్తరం రాస్తాను.

అత్తగారు: రాయండి. ముందు ఆ జెర్సీకి ఎల్ సైజు పెట్టండి, చలికాలంలో లోపల స్వెట్టర్ వేసుకోవాలి.