సవరణ: ఖమ్మంలో ఇల్లు కొనేవాళ్లకు, మున్నేరు సంగతి

ఖమ్మంలో ఇల్లు కొనడం గురించి మొన్న రాస్తూ, ఈసీ (ఆస్తికి రిజిస్ట్రేషన్ ఆఫీసు ఇచ్చే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) క్లియర్‌గా ఉంటే టెన్షన్ అక్కర్లేదన్నాను. అది తప్పు, క్షమించండి. ఈసీలో రిజిస్టరైన అమ్మకాలు, తనఖాల్లాంటివే కనిపిస్తాయి. వరద కనిపించదు. 2024 సెప్టెంబర్ 1న ఊరి పక్కన పారే మున్నేరు నది పొంగి ఒడ్డున ఉన్న కాలనీలు మునిగాయి.

ఇల్లు చూడ్డానికి వెళ్తే కొత్త రంగు చూసి ముచ్చటపడకండి. బీరువా కాస్త జరిపించి వెనక గోడ చూడండి, చెమ్మ చార ఎక్కడిదాకా ఉందో తెలుస్తుంది. తలుపు చెక్క అడుగున ఉబ్బిందేమో తడిమి చూడండి. పక్కింట్లో అద్దెకున్నవాళ్లను అడగండి. వాళ్లకు అమ్ముకునే తొందర లేదు, నీళ్లు ఎంతవరకు వచ్చాయో గోడ మీద చెయ్యి పెట్టి చూపిస్తారు.

ఏటికి దూరమొక్కటే చూసుకుంటే చాలదు, నేల ఎత్తు కూడా ముఖ్యం. నా పాత మాట నమ్మి బయానా ఇవ్వబోతున్నవాళ్లు దయచేసి ఒక్కరోజు ఆగండి.