పక్కగది వాడి గుటక కూడా వినిపించే ప్రశాంత నిలయం వారికి

మహారాజశ్రీ క్యోటో నగరపు చిన్న ర్యోకాన్ (జపాను సంప్రదాయ సత్రం) గారి సముఖమునకు,

నమస్కరించి రాయునది ఏమనగా, ఇక్కడ మేము క్షేమం. అక్కడ తమరి కాగితపు తలుపులన్నీ క్షేమమని తలుస్తాను. తమ దగ్గర సెలవు తీసుకుని ఒసాకా రైలెక్కాం. గట్టిగా దగ్గినా ఎవరూ ఏమనని చోటు కాబట్టి ఇక్కడ కూర్చుని రాస్తున్నాను.

రాత్రి తమరు పంపిన చీటీ అందింది. మీ ఒకామి గారు, అంటే సత్రం నడిపే యజమానురాలు, తలుపు అవతల మోకాళ్ల మీద కూర్చుని, రెండు వేళ్ల సందు మేరకు దాన్ని జరిపి, మడిచిన కాగితం రెండు చేతులతో లోపలికి తోసి, నుదురు చాపకి ఆనేలా వంగి, చప్పుడు లేకుండా వెళ్లిపోయారు. "ఇతర అతిథులు విశ్రాంతి తీసుకుంటున్నారు, మీ సహకారానికి కృతజ్ఞతలు" అని ఉంది అందులో. ఇంతకన్నా నాలుగు తిట్టినా బాగుండేది. మా ఊళ్లో అయితే పక్కింటాయన గోడ మీద రెండు గుద్దులు గుద్ది ఊరుకుంటాడు. మీ ఇంట్లో గుద్దితే చెయ్యి ఇవతలికి వచ్చేస్తుంది.

మేం చేసిన నేరం మా అత్తగారి ఫోన్ ఎత్తడం. తెనాలి గడియారం మీకంటే మూడున్నర గంటలు వెనక. ఆవిడ దీపం పెట్టుకుని, కాఫీ తాగి, కొడుకు గుర్తొచ్చి ఫోన్ చేసేసరికి ఏడవుతుంది. మీకది పదిన్నర. అక్కడ దీపాలు పెట్టాక ఇక్కడ మీరు దీపాలార్పేస్తారు. పైగా దేశం ఎంత దూరమైతే గొంతు అంత పెంచాలన్నది ఆవిడ లెక్క. "ఏరా, అన్నం దొరికిందా?" అన్న ప్రశ్న స్పీకర్ పెట్టకుండానే మీ ముందుగది దాకా వెళ్లింది. బయటికెళ్లి మాట్లాడదామంటే వీధితలుపు పదింటికే గడియ పడింది. పోనీ పొద్దున చేద్దామంటే, మీ ఆరు గంటలు ఆవిడకి అర్ధరాత్రి రెండున్నర. ఆ వేళప్పుడు కొడుకు నుంచి ఫోన్ వస్తే వీధి వీధంతా లేచి కూర్చుంటుంది.

మిగతావన్నీ సర్దుకుపోయాం, చూడండి. అద్దె గదికి కాదు, తలకి ఇంత అన్నారు. ఇచ్చాం. దాని మీద 2018 అక్టోబరు నుంచి క్యోటో నగరం వారు వసూలు చేస్తున్న బస పన్ను, అదీ తలకే. కట్టాం. మరుగుదొడ్డికి వేరే చెప్పుల జత పెట్టారు. మడి సంగతి మాకూ తెలుసు కాబట్టి నోరెత్తలేదు. మేం చేప తినం అని ముందే రాసినా టోఫూ మీద ఎండు చేప తురుము చల్లారు. అది వేడికి మెలికలు తిరుగుతుంటే మావారు దానికేసి, అది మావారికేసి చూసుకున్నారు. చివరికి ఊరగాయ ముక్కలతో అన్నం తిని లేచాం.

కానీ ప్రశాంతం అన్నారే, ఆ మాటే నాకు మింగుడు పడటం లేదు.

మాకూ పక్కగదికీ మధ్య ఉన్నది ఫుసుమా. అంటే చెక్క చట్రానికి రెండు వైపులా కాగితం. అవతలున్న పెద్దమనిషి మొహం నేను చూడలేదు. కానీ రాత్రి మాత్ర వేసుకుంటాడని, దానికి మూడు గుటకల నీళ్లు తాగుతాడని, సంచి జిప్పు ఒకచోట ఇరుక్కుంటుందని నాకు తెలుసు. మీరిచ్చిన దిండులో బక్‌వీట్ పొట్టు నింపారు. తల తిప్పితే చాలు, చెవి కింద కంకర తొక్కినట్టే చప్పుడు. మెట్ల సంగతి సరేసరి. 1603లో అప్పటి జపాను సైనిక పాలకుడు తొకుగవా ఇయెయాసు కట్టించిన నిజో కోటలో, అడుగేస్తే పిట్టల్లా కిచకిచమనే నేలను పగలు టికెట్ కొని చూసొచ్చాం. రాత్రి బాత్‌రూమ్‌కి వెళ్తే మీ మెట్లు అదే పాట ఉచితంగా వినిపించాయి.

ఇక మావారి గురక. చీటీ వచ్చాక నేనింకేం పడుకుంటాను? పసిపిల్ల పక్కన బాలింతలా ఒక చెవి అటే వేసి కూర్చున్నాను. గురక మొదటి మెట్టెక్కగానే భుజం పట్టి పక్కకి తిప్పడం, మళ్లీ ఎక్కితే మళ్లీ తిప్పడం. ఒకసారి ముక్కు కూడా పట్టుకున్నాను. అవతలాయన హాయిగా నిద్రపోయాడు. తెల్లారాక మీ అతిథుల పుస్తకంలో "ఎంత ప్రశాంతమో!" అని రాసే ఉంటాడు. ఆ ప్రశాంతత మీరిచ్చింది కాదు మహాప్రభో, నేను రాత్రంతా కూర్చుని తయారుచేసింది. అతిథులు తలా కాస్త ఊపిరి బిగబట్టి పోగుచేసిన నిశ్శబ్దాన్ని వాళ్లకే తలకి ఇంత అని అమ్ముతున్నారు మీరు!

ఇల్లు వేసవిని దృష్టిలో పెట్టుకుని కట్టాలి, చలికాలమైతే ఎక్కడైనా గడిపేయొచ్చు అని 14వ శతాబ్దంలో మీ బౌద్ధ సన్యాసి ఒకాయన రాశాడట. క్యోటో ఉక్కపోతకి గాలి ఆడాలి, తలుపులు జరగాలి, నిజమే. కానీ ఆయన సన్యాసి. పక్కన మొగుడు గురకపెడుతుంటే ఏం చెయ్యాలో ఆయనకెందుకు? ఏడువందల ఏళ్లు గడిచాయి కదండీ, ఇంకా కాగితమేనా? సంప్రదాయం, సంప్రదాయం అంటూ ఇంకెన్నాళ్లు నెట్టుకొస్తారు? ఒక్క గోడ కట్టండి. ఇటుకతో, సిమెంటుతో, మామూలు గోడ! స్టేషన్ పక్కన బిజినెస్ హోటల్‌లో సగం ధరకే నాలుగు గోడలు ఇస్తున్నారు. మావారు మొదట్నుంచీ మొత్తుకున్నది అదే.

అయినా అక్కడికి పోబుద్ధి కావడం లేదు, అదే నా ఏడుపు. గదిలో అడుగుపెట్టగానే ఆ కొత్త చాపల పచ్చిగడ్డి వాసన, మంచమంత పెరట్లో ఒక రాతి తొట్టి, నాచు, ఒకే ఒక్క మేపుల్ మొక్క. పొద్దున మేం సందు మలుపు తిరిగేదాకా ఒకామి గారు వంగిన నడుము ఎత్తలేదు. చీటీ ఇచ్చిన మనిషి కూడా ఆవిడే. మనిషి మీద కోపం నిలబెట్టుకోనివ్వకపోతే ఎలాగండీ?

అందుకని ఒక మనవి. ఆకులు ఎర్రబడే నవంబరు చివర్లో చివరి గది, అదే ఒకవైపు వీధి, ఒకవైపు పెరడు ఉన్నది, మాకు అట్టేపెట్టండి. రాత్రిపూట ఫోన్ గొడవ ఇక ఉండదని హామీ ఇస్తున్నాను. ఈసారి అత్తగారిని వెంటబెట్టుకుని వస్తున్నాం.

ఇట్లు,
తమ సహకారానికి ముందుగానే కృతజ్ఞతలు తెలుపుకుంటూ,
నిద్రలేని ఒక అతిథి